గుర్వయ్య పగ, పటేలు చావు

గుర్వయ్య గొర్ల కాపరి. దేవరకొండ అవతల మా ఊళ్ళో బాగోతం ఆడితే రాకుమారుడి వేషం ఎప్పుడూ ఆయనదే. యాభై దాటి పొట్ట ముందుకొచ్చినా అంతే. ఇంకొకరికి ఇస్తామంటే అలిగి గొర్లమందలోనే పడుకుంటాడు. నేను హార్మోనియం వాయిస్తాను కాబట్టి ఆ అలకలన్నీ తీర్చే ఖర్మ నాది.

ఒక ఎండాకాలం గొర్ల తాగునీళ్ళకని సర్కారు బోరు మంజూరైంది. అది గుట్ట కింద తొట్టి పక్కన పడాలి. తీరా చూస్తే దశరథం పటేలు బత్తాయి తోటలో పడింది. అడిగితే, "ఆడ రాయి తగిలిందయ్యా. నీళ్ళే నా తోట దాక నడిచొచ్చినయి" అన్నాడు. నీళ్ళకు కాళ్ళుంటాయని మాకు అప్పుడే తెలిసింది. గుర్వయ్య మందలో రెండు చూడి గొర్రెలు దూపకు చచ్చాయి. వాటిని పూడ్చి వచ్చి, "వాన్ని ఊరందరి ముంగట పొడుస్త" అన్నాడు పెండ్లాం సైదమ్మతో.

పొడిచే అవకాశం పటేలే ఇచ్చాడు. జాతరకు టెంటు, మైకు తానే పెట్టించి, బాగోతంలో రాజు వేషం కావాలని పట్టుబట్టాడు. మా ఆటలో రాజంటే అన్నను చంపి, ఖజానా మింగి గద్దెక్కినవాడు. ఆఖరికి అన్న కొడుకైన రాకుమారుడి చేతిలో చస్తాడు. పటేలు ఎప్పుడూ సగం ఆటకే లేచిపోయే రకం, ఆ చావు సంగతి తెలియదు. ఆయనకు కిరీటం ఒక్కటే తెలుసు. మేమూ నోరు మూసుకున్నాం.

జాతర రాత్రి ఆఖరి ఘట్టంలో గుర్వయ్య అట్టకత్తి ఎత్తి ఉరికాడు. "ఓరి, గిదేందిరా!" అని పటేలు గద్దె మీంచి దొర్లాడు. ఊరు ఈలలు వేసింది. మా దగ్గర ఎవరైనా చదివింపు ఇచ్చి కోరితే ఆ ఘట్టం మళ్ళీ ఆడాల్సిందే. ముందు సైదమ్మే కొంగుముడి విప్పింది. వెనకాల గొర్లకాపరులంతా వరుస కట్టారు. పటేలు లేచాడు, చచ్చాడు, మళ్ళీ లేచాడు, మళ్ళీ చచ్చాడు. గుర్వయ్య ముఖం పెండ్లినాడు కూడా అంత వెలగలేదు.

కానీ చావగా చావగా పటేలుకు చావు ఒంటబట్టింది. ఒకసారి తల్లిని తలుచుకుని చచ్చాడు. ఇంకోసారి పిల్లల్ని ఊరి చేతిలో పెట్టి చచ్చాడు. ఆడవాళ్ళు ముక్కు చీదారు. చివరికి సైదమ్మే కళ్ళు తుడుచుకుంటూ, "ఇగ చాలు తియ్యి, పాపం! ఎన్నిసార్లు సంపుతవు?" అని మొగుణ్ణి కసిరింది.

తర్వాతి సర్పంచ్ ఎన్నికల్లో పటేలు గెలిచాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఏం లాభం, మా ఇంట్లోవాళ్ళూ ఆయనకే వేశారు.

మర్నాడు గొర్లను తోలుకుపోతున్న గుర్వయ్యను ఆపి, పటేలు తోట గేటు తెరిచాడు. "తాగనియ్యి. ఏటా జాతరకు నన్ను గట్లనే సంపాలె, గంతే." గుర్వయ్యకు రోషమొచ్చి వెనక్కి తిరిగాడు. గొర్లు మాత్రం నీళ్ళ వాసనకు లోపలికి ఉరికాయి. వాటి వెంట ఆయనా పోయాడు.

ఈ ఏడు మళ్ళీ ఎన్నికలు. జాతరనాడు వేషాలు కట్టే గుడిసెలో కిరీటం సర్దుకుంటూ పటేలు అన్నాడు:

"గుర్వయ్యా, ఈసారి జర గట్టిగ పొడువు."

గుర్వయ్య చేతిలో కత్తి ఉంది. అట్టదే అనుకోండి.

"అట్లనే పటేలా" అన్నాడు.