అడవిలో ఏరిన ఎర్ర పోగులు

ఇనప్పెట్టె మూత ఎత్తగానే గంజి వాసన వచ్చింది. కర్పూరం, పాత కాగితం, తుప్పు, వీటన్నిటి అడుగు నుంచి సన్నగా, పులిసిన గంజి వాసన. అరవై ఏళ్లు దాటినా అది పోలేదు. ఆ పెట్టెలో నా డైరీలన్నీ ఏడాది వారీగా, అట్ట మీద అంకె రాసి, దారంతో కట్టి ఉంటాయి. అన్నిటికంటే కింద ఉన్న మొదటి డైరీ పక్కన రేగుపండంత ఎర్ర నూలు ఉండ ఒకటి ఉంటుంది. వాసన దానిదే.

పెట్టె తెరవడానికి కారణం మా పెదనాన్న మనవడు మోహన్. మా పేటల కుర్రవాళ్లు ఒక బృందంగా చేరి సెలవు రోజుల్లో కొండలెక్కుతున్నారు. పొద్దున వెళ్లి సాయంత్రం తిరిగి వస్తారు. ఈసారి నల్లమలలో, మా చిన్నతనంలో మేం వెళ్లిన లింగమయ్య లోయకే వెళ్తున్నారట, దానికో చిన్న సంచిక వేస్తున్నారట. మోహన్ సోలాపూర్ బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో మా ఇంటికి వచ్చి, చాయ్ తాగుతూ, "అత్తా, గా పోగులేరిన నర్సవ్వ జోకు నీ డైరీల ఉంటది గద, రాసియ్యి. పోరలు మస్తు నవ్వుతరు. చివర్ల తాత అందర్నీ ఎట్ల బయటికి తెచ్చిండో గది గూడ రాయి" అన్నాడు.

ముప్పై మూడేళ్లు మునిసిపల్ బడిలో పాఠాలు చెప్పినదాన్ని. పిల్లల మీద గొంతు పెంచిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ రోజు మాత్రం "చాయ్ తాగినవ్ గద, ఇగ లే" అన్నాను. వాడు బిత్తరపోయి వెళ్లిపోయాడు. తప్పు వాడిది కాదు. వాడికి ఆ కథ అలాగే అందింది. అలా అందించిన వాళ్లలో నేనూ ఉన్నాను. అందుకే ఇది రాస్తున్నాను. నవ్వు రాకపోతే నన్ను తిట్టుకోండి.

అప్పుడు మేం ఇదే ఊళ్లో, నేతవాళ్ల దాజీ పేట్‌లో ఉండేవాళ్లం. పాలమూరు దిక్కు నుంచి మా తాత కట్టుబట్టలతో వచ్చి వేసిన రెండు మగ్గాలు పెదనాన్న చేతికి వచ్చేసరికి ఎనిమిదయ్యాయి. పొద్దున లేచేసరికి నాడెల చప్పుడు, రాత్రి కళ్లు మూసేసరికి నాడెల చప్పుడు. మధ్యలో ఎప్పుడైనా అన్ని మగ్గాలూ ఒక్కసారి ఆగితే ఇంట్లో ఎవరో పోయినంత భయమయ్యేది. గంజి ఉడికే గంగాళం, రంగు నీళ్లతో ఎర్రగా పారే మోరీ, వాకిట్లో చాటలో తునికాకు పెట్టుకుని కత్తెరతో కోస్తూ బీడీలు చుట్టే అమ్మ, గోడవారన రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టే నర్సవ్వత్త. నర్సవ్వత్త నాన్నకు అక్క, పెదనాన్నకు చెల్లెలు. పెళ్లయిన మూడో ఏడు భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. ఒక చేత్తో చక్రం తిప్పుతూ, రెండో చేతి వేళ్ల మధ్య పోగు జారనిస్తూ, అది తెగితే చూడకుండానే ముడివేసేది. ఆ ముడి ఎక్కడుందో వేలితో తడిమినా దొరికేది కాదు.

దీపాలు పెట్టే వేళకు పెదనాన్న ఇల్లంతా ఒకసారి తిరిగేవాడు. నేల మీద జానెడు పోగు కనబడితే వంగి తీసి, దగ్గరలో ఉన్న ఆడమనిషి ఒళ్లో వేసేవాడు. ఎక్కువసార్లు ఆ ఒడి నర్సవ్వత్తది. "ఇది నీ మొగడు తెచ్చిచ్చిండా?" అనేవాడు. అత్త ఆ జానెడు పోగును ఇంకో పోగుకు అతికేది. అందువల్ల ఆమెకొక అలవాటైంది. బజారుకు వెళ్లినా, గుడికి వెళ్లినా కళ్లు నేల మీదే ఉండేవి. పోగు కనిపిస్తే వంగకుండా ముందుకు వెళ్లలేకపోయేది. ఆ అలవాటు ఎవరు చేసిందో గుర్తు పెట్టుకోండి.

ఉగాది పచ్చడిలో వేపపువ్వు చేదు నాలుక మీద ఉండగానే చైత్ర పున్నమి ప్రయాణం మాటలు మొదలయ్యేవి. లింగమయ్య జాతర ఆ రోజుల్లోనే. కానీ నాకు పదకొండేళ్లున్న ఆ సంవత్సరం, జాతర నాటికి మగ్గాలు ఆపడం కుదరదని, పెదనాన్న వారం ముందే వెళ్దామన్నాడు. తొమ్మిదిమందిమి బయలుదేరాం: అయిదుగురు మగవాళ్లు, ముగ్గురు ఆడవాళ్లు, నేను. కరకరలాడే కడక్ జొన్నరొట్టెలు, పల్లీల కారం, బెల్లం కలిపి దంచిన మలీద ముద్దలు, చింతపండు పులుసు పోసిన అటుకులు మూటలు కట్టుకుని, రైల్లో, బస్సులో, చివరికి ఎడ్లబండిలో అడవి అంచుకు చేరాం.

తెల్లవారుజామున అక్కడి చెంచు గూడెం మీదుగా నడక మొదలుపెట్టాం. రాలిన ఇప్పపూల తీపి వాసన గాలంతా నిండి ఉంది. గూడెం పెద్దాయన ఒకాయన మా ముందుకు వచ్చి, "పోయిన వానలకు తొవ్వ మారింది. జాతర్ల అయితే జనం ఎంబడి పోతరు. ఇప్పుడెవరు లేరు. నేనొస్త" అన్నాడు. పెదనాన్న నవ్వాడు. "మా నాయినతోటి మూడుమాట్ల వచ్చిన. నాకు చూపిస్తవా తొవ్వ?" అన్నాడు. ఆ పెద్దాయన పక్కకు తప్పుకున్నాడు.

అది కొండ ఎక్కడం కాదు, మూడు కొండల్ని దిగడం. తిరుగు ప్రయాణంలో వాటినే ఎక్కాలి. మొదట ఎండుటాకుల మీద జారే దారి, తర్వాత మోకాలెత్తు బండలు, వాటి మీద చెయ్యి ఆనిస్తే ఎండకు చురుక్కుమనేది. వెదురు పొదలు మీదికి వంగి మనిషిని వంచి నడిపించేవి. గుంపులో మగవాళ్లు ముందు, ఆడవాళ్లం యాభై అడుగులు వెనక. మధ్యలో అమ్మ ఒక చెట్టు కింద ఆగిపోయింది. ఆకును వేళ్ల మధ్య తిప్పి, వాసన చూసి, "వదినె, గిదేనా తునికి చెట్టు? పదేండ్ల సంది ఆకు కోస్తున్న, చెట్టును ఇప్పుడు చూస్తున్న" అంది. అత్త నవ్వుతూ "దండం పెట్టు మరి, మీ సేటు గిదే" అంది. అమ్మ నిజంగానే దండం పెట్టింది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

దారి రెండుగా చీలిన మొదటి చోట, వెదురు కణుపుకు బారెడు ఎర్ర పోగు వేలాడుతోంది. మా ఇంటి పోగే. ఆ ఎరుపు మా రంగు గంగాళంలోదే. అత్త చటుక్కున ఆగింది. "అయ్యో, మంచి పోగు. మీ నాయిన కట్టిండు గావచ్చు, పిచ్చోడు. ముడుపు కట్టాలంటే లింగమయ్య కాడ కట్టాలె గని తొవ్వల కడతరా? మీ పెదనాయిన చూస్తే మళ్ల నా మీదనే వడతడు" అని విప్పి వేలికి చుట్టుకుంది. రెండో చీలిక దగ్గర ఇంకొకటి. ఆ తర్వాత ప్రతి చీలిక దగ్గరా ఒకటి. కొన్ని కిందికొమ్మలకు ఉండేవి, వాటిని నేను విప్పాను. కాసేపు కూర్చున్నప్పుడు అత్త నాకు ముడి నేర్పించింది. మొత్తం ఎనిమిది పోగులు, ఏడు ముడులతో ఒకే ఉండ.

తిరిగి వచ్చేటప్పుడు దారి గుర్తుపట్టడానికి పెదనాన్న నాన్నచేత వాటిని కట్టించాడు. ఆ సంగతి మగవాళ్లు అయిదుగురికీ తెలుసు. మా నలుగురికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని చాలా ఏళ్ల తర్వాత నాన్నను అడిగితే, "అన్న వద్దన్నడు. ఆడోళ్లు ఎనక రావాలె, గంతే అన్నడు" అని తల దించుకున్నాడు.

లోయ అంచున, ఒక పక్క గోడలాంటి రాయి, ఇంకో పక్క ఏమీ లేని చోట, ఒక్క మనిషి పట్టే దారిలో పక్కకు తిరిగి జరుగుతూ దిగాం. అడుగున గుండం, పైనుంచి సన్నగా పడే నీరు, చీకటి గుహలో లింగమయ్య. ఆ నీళ్ల చల్లదనం పళ్లను జివ్వుమనిపించింది. రొట్టెలు నీళ్లలో తడిపి, పల్లీల కారం అద్దుకుని తిన్నాం. అత్త నడుముకు దోపుకున్న ఉండను తడిమి చూసుకుని నాతో మెల్లగా, "ఇంటికి వొయినంక ఇస్త. ఒక్కసారన్న మంచిగ చేసినవ్ అంటడేమో" అంది. ఆమెకు అప్పటికి నలభై దాటాయి.

తిరుగు దారిలో మొదటి చీలిక దగ్గరే పెదనాన్న ఆగాడు. పొదలన్నీ కలియజూశాడు. "తమ్మీ, పోగేది?" అన్నాడు. నాన్న ముఖం పాలిపోయింది. "కట్టిననే అన్నా, గీ కొమ్మకే."

వెనకనుంచి అత్త ముందుకు వచ్చింది. ముఖమంతా వెలుగుతోంది. అరచేయి చాపి ఉండ చూపించి, "ఒక్క పోగు గూడ పోనియ్యలేదన్నా" అంది.

పెదనాన్న తిట్టిన తిట్లు నేను రాయను. "అన్నీ నువ్వే తీసినవా?" అని అరిచాడు. నా చేతులు నేను వెనక్కి పెట్టుకున్నాను. అత్త నావైపు చూడలేదు. "నేనే తీసిన" అంది. కొమ్మ వైపు వేలు చూపి, "గని నాకెరుక అన్నా. పోగు తీసిన కాడల్లా చూసుకున్న. ఇక్కడ రెండు మొదళ్ల వెదురు, ఎడమ దిక్కు వోవాలె. గది దాటినంక చీమల పుట్ట ఉన్న బండ" అంది.

"నోర్ముయ్యి. నువ్వు చూపిస్తవా నాకు తొవ్వ?" అని కుడివైపు దారి పట్టాడు.

పొద్దున చెంచు పెద్దాయనతో అన్న మాటే మళ్లీ అన్నాడని అప్పుడు నాకు తట్టలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. తొమ్మిది ప్రాణాలు, తిత్తిలో అడుగంటిన నీళ్లు, రెండు జాముల పొద్దు, వీటన్నిటికంటే ఆయన మాట పెద్దదైంది. ఆ దారి ఎండిపోయిన వాగులోకి దిగి, ముళ్లలోకి పోయి, ఎటూ కాకుండా అంతమైంది. వెనక్కి రావడానికి ఎవరికీ ధైర్యం లేదు, ఎందుకంటే ఆయన వెనక్కి తిరగలేదు. ఇంకో వాగు, ఇంకో గుట్ట. అమ్మ పెదవులు పగిలి నెత్తురు కారింది. అక్కడే, నరికిన వెదురు మొదలొకటి అత్త చెప్పును చీల్చుకుని అరికాల్లో దిగింది. అత్త కూర్చుని, లాగి, చీర చెంగు చింపి కట్టుకుంది. కట్టుకుని లేచి, మొదటిసారి, తల ఎత్తి, "నేను ఎనుకకు వోతున్న. వచ్చేటోళ్లు రాన్రి. రా బిడ్డా" అని నా చెయ్యి పట్టుకుని తిరిగింది.

అమ్మ వచ్చింది. నాన్న వచ్చాడు. ఒక్కొక్కరే అందరూ వచ్చారు. అందరికంటే చివర పెదనాన్న వచ్చాడు.

ఆమె ఎక్కడా తడబడలేదు. రెండు మొదళ్ల వెదురు, చీమల పుట్ట బండ, తొర్రలో తేనెపట్టు, పిడుగు పడ్డ మద్ది చెట్టు. ప్రతి చీలిక దగ్గరా తాను పోగు తీసిన కొమ్మను చేత్తో ముట్టి, "ఇగో" అనేది. ఎనిమిదిసార్లు. ఆమె అడుగు పడిన ప్రతి బండ మీదా ఎర్రటి మరక ఉండేది. వెలుతురు ఉండగానే గూడెం చేరాం.

సోలాపూర్ వచ్చాక ఆ కాలికి చీము పట్టింది. రెండు వేళ్లు తీసేశారు. చనిపోయేదాకా మడమ మీద నడిచింది. నేను అప్పుడే డైరీ రాయడం మొదలుపెట్టాను. పెదనాన్న వాడేసిన నేత నమూనాల పుస్తకం వెనక కాగితాలిచ్చాడు. ప్రయాణం గురించి రాయబోతుంటే పక్కన నిలబడి, "గిట్ల రాయి" అన్నాడు. రాశాను: 'నర్సవ్వత్త పోగులు ఏరినందుకు దారి తప్పాం. పెదనాన్న అందర్నీ బయటికి తెచ్చాడు.' నేనూ ఏరానని రాయలేదు. ఆయన నా రాత చూసి మెచ్చుకున్నాడు. ఆయన మెప్పు అత్తకు ఎన్నడూ దక్కలేదు, నాకు దక్కింది.

ఆ రెండు వాక్యాలు పెళ్లిళ్లలో, బారసాలల్లో, పండగ పంక్తుల్లో తిరిగాయి. "నర్సవ్వా, విస్తరి కింద పోగున్నది చూడు" అనేవాళ్లు. ఆమె కూడా నవ్వేది. ఆ తొమ్మిదిమందిలో ఒక్కరు కూడా, నాన్న కూడా, అమ్మ కూడా, బడిపంతులమ్మనైన నేను కూడా, లేచి నిలబడి జరిగింది చెప్పలేదు. పోయేముందు ఆ ఉండ నా చేతిలో పెట్టి, "పారెయ్యకు, మంచి నూలు" అంది. అంతకుమించి ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

ఇప్పుడు దాజీ పేట్‌లో చేతిమగ్గం చూడాలంటే వెతకాలి. పెదనాన్న ఇంటి స్థలంలో కరెంటుతో నడిచే సాంచెలు పెట్టారు, వాటిలో కూడా సగం ఆగిపోయాయి. రాట్నాలు పొయ్యిలోకి వెళ్లాయి. కండెలు చుట్టే ఆడవాళ్లు లేరు, కనబడని ముడి వేసే వేళ్లు లేవు. మోరీలో ఎర్ర నీళ్లు పారవు. మోహన్ వాళ్లు దారిని ఫోన్‌లో చూసుకుంటారు, చీలికల దగ్గర మెరిసే రిబ్బన్లు కడతారు. ఆ రిబ్బన్లు ఎందుకు కట్టారో ఆడపిల్లలకు కూడా చెబుతారని అనుకుంటున్నాను.

ఈ ఉదయం మొదటి డైరీ తీసి ఆ రెండు వాక్యాల మీద గీత పెట్టాను. కింద నేటి తేదీ వేసి రాశాను: 'పోగులు అత్త, నేను కలిసి ఏరాం. దారి తప్పించింది పెదనాన్న. బయటికి తెచ్చింది నర్సవ్వత్త.' మోహన్ వేసుకుంటే ఇది వేసుకోవాలి, లేకపోతే ఆ సంచికలో మా ఇంటి కథే ఉండకూడదు.

తర్వాత ఉండ విప్పి, పోగును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఈ చివర నుంచి ఆ చివర దాకా లాగాను. ఏడు ముడులు ఉండాలి. అయిదు చేతికి తగల్లేదు. రెండు గరుగ్గా తగిలి ఆగాయి. అవి నావి.