సురేఖ చెప్పిన నాగరికత పాఠం

సురేఖ తమిళనాడులోని గుడియాత్తంలో ఒక ప్రైవేటు కాలేజీలో రాజనీతి శాస్త్రం చెబుతుంది. ప్రపంచాన్ని నాగరికతలుగా చీల్చి, వాటి మధ్య యుద్ధం తప్పదనే వాదమంటే ఆమెకు ఒళ్ళు మంట. ఏ నాగరికతా ఒంటరిగా పెరగలేదని తేల్చి డాక్టరేటు తెచ్చుకుంది.

ఆమె మాటలను గట్టిగా పట్టుకున్న విద్యార్థి దేవా. పేర్ణాంబట్టు నుంచి బస్సులో వచ్చేవాడు. తల్లి చిన్నపొన్ను అక్కడే బూట్ల కంపెనీలో తోలు కుట్టేది. సురేఖ ఇంట్లోలాగే వాళ్ళింట్లోనూ తెలుగే.

ఆ ఏడు వేలూరులో తెలుగు సంఘం 'మన నాగరికత' అని సభ పెట్టింది. అందులో చదవడానికి సురేఖ దేవా చేత వ్యాసం రాయించింది. తెలుగు అక్షరాలు రానందున తమిళ లిపిలో తెలుగు రాసుకున్నాడు. ఒకే భాష మాట్లాడే భూములున్నవాళ్ళ వీధి, కూలివాళ్ళ వీధి రెండు లోకాలుగా బతికాయని, దేశాల మధ్య గోడలు కట్టేవాళ్ళు ఆ పని ముందు వీధుల్లోనే నేర్చుకున్నారని రాశాడు.

సంఘం కార్యదర్శి సురేఖ అన్న గుణశేఖర్. వాళ్ళది భూములున్నవాళ్ళ వీధే. వ్యాసం సంగతి విని మండిపడ్డాడు.

"ఏం పాపా, మన మూతి మీద కొట్టేదానికి మనమే వానికి మైకు ఇయ్యాలనా?"

"వాడు రాసింది నిజమే కదన్నా."

"నిజమైతే? పెద్దోళ్ళంతా వస్తా ఉండారు. నువ్వు మాట్లాడు, చాలు."

కాలేజీ యజమానే సంఘానికి అధ్యక్షుడు. సురేఖ ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. ఆమె సరేనంది.

సభ రోజు దేవా ఇస్త్రీ చొక్కాతో, తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. సురేఖ గుమ్మం దగ్గరే ఆపింది.

"ఈసారి టైము లేదంట నాయనా. ఇంకో సభలో చదువుదువులే."

దేవా వ్యాసం కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఉండనీలేమ్మా, మీరు మాట్లాడేది విని పోతాము," అంది చిన్నపొన్ను.

నాగరికతల మధ్య గోడలు లేవని సురేఖ అరగంట మాట్లాడింది. హాలంతా చప్పట్లు. వెనక వరసలో చిన్నపొన్నూ కొట్టింది. పక్క కుర్చీ అప్పటికే ఖాళీ.

దేవా పై చదువుకు రాలేదు. కొన్ని నెలలకు పేర్ణాంబట్టు బస్టాండులో కనిపించాడు.

"బాగుండావా దేవా? యాడ చేరినావు?"

అమ్మ కంపెనీలోనే అని తమిళంలో చెప్పాడు.

"నాతో అరవం ఎందుకప్పా?"

"తెలుగు మీ సంఘానిది కదా మేడమ్." అదీ తమిళంలోనే అని, వచ్చిన బస్సెక్కి వెళ్ళిపోయాడు.

సురేఖ ఉద్యోగం పర్మినెంటు అయింది. క్లాసులో నాగరికతల పాఠం వచ్చినప్పుడు ఇప్పుడామె పుస్తకం చూసి చదివేస్తుంది. సందేహాలున్నాయా అని ఎవరినీ అడగదు.