విత్తనాల మూట విప్పిన ఆదివారం

నాకు మతిమరుపు ఎక్కువ. తాళాలు మరిచిపోతాను, పెళ్లిరోజు మరిచిపోతాను. అవమానం మాత్రం ఒక్కటీ మరవను. వాటిలో మొదటిది నంద్యాలలో జరిగింది.

అప్పుడు ఆరో తరగతి, హాస్టల్లో ఉండేదాన్ని. ఆదివారాలు ఆళ్లగడ్డకు వచ్చి సోమవారం మొదటి బస్సుకు తిరిగి వెళ్లేటప్పుడు అమ్మ గిన్నెలో కొర్రన్నం, చెనక్కాయల చట్నీ పెట్టిచ్చేది. ఒక సోమవారం సైన్సు మేడమ్ పోషకాహారం పాఠం చెబుతూ నా గిన్నె తెప్పించి, మూత తీసి క్లాసంతా చూసేలా ఎత్తి పట్టుకుంది.

"ఏందమ్మా ఇది? పిట్టలకు వేసేదా? మీ అమ్మకు వరి బియ్యం దొరకలేదా?"

క్లాసంతా ఒకటే నవ్వు. పదో తరగతి అయిపోయేదాకా నా పేరు పిట్ట. ఆ పేరును ఎట్లాగో దిగమింగాను. మా అమ్మను అన్న మాట మాత్రం గొంతులోనే ఉండిపోయింది.

ముప్పై ఏళ్లు గడిచాయి. నేనూ టీచరునై ఆళ్లగడ్డలోనే స్థిరపడ్డాను. మా చర్చి ఆడవాళ్లలో ఏ ఇంట చూసినా షుగరు మాత్రలే. అందుకని నెలకొక ఆదివారం ఆరాధన అయ్యాక, చర్చి పక్క గదిలో పాత తిండ్ల గురించి తరగతి పెట్టుకుందామని నేనే మొదలుపెట్టాను. నంద్యాల నుంచి ఒకావిడ బాగా చెబుతారని ఎవరో అన్నారు. కనుక్కుంటే ఆ మేడమే. రిటైరయ్యాక చిరుధాన్యాల మీద ఉపన్యాసాలిస్తోందట. కొర్రన్నం చూసి ముక్కు విరిచిన మనిషి ఇప్పుడు కొర్రల పేరు చెప్పి శాలువాలు కప్పించుకుంటోంది. నా ఒళ్లు భగ్గున మండింది. ఫోను చేసి, మీరు తప్పకుండా రావాలి మేడమ్ అని తేనె పూసిన గొంతుతో పిలిచాను.

ఈ తరగతి మీద అమ్మ వేరే ఆశ పెట్టుకుంది. మా చేనిలో వేసే కొర్ర మా నాయనమ్మ చేతి విత్తనం. చుట్టుపక్కల అందరూ మానేసినా అమ్మ ఏటా రెండు గుంటలైనా వేసి ఆ విత్తనాన్ని నిలబెట్టుకొచ్చింది. "నాకు శాత గాకుండా పోతాండాది. పది మందికి ఇస్తే యాడో ఒక సోట బతుకుతాది" అనేది. ఆ రోజు వచ్చిన ప్రతి ఆడమనిషికీ దోసెడు విత్తనాలు పంచాలని ఇంట్లో ఉన్న విత్తనమంతా మూట కట్టి శనివారమే గదిలో పెట్టించింది. వంటకు వేరే కొర్రలు సిద్ధం చేసింది. రోట్లో దంచి, చేటలో చెరిగి, మళ్లీ దంచి, పొట్టంతా పోగొట్టి డబ్బాలో పోసింది. అందుకు ఆమెకు మూడు రోజులు పట్టింది.

ఆదివారం అమ్మతో సహా అందరూ ఆరాధనలో ఉండగా మేడమ్ వచ్చింది. నన్ను గుర్తుపట్టలేదు. వంట మొదలుపెడదామని డబ్బా మూత తీసి చూపించాను.

"ఇవి తెల్లబడ్డాయేమిటి? పాలిష్ పట్టించారా? సారమంతా పోయుంటుంది" అంది.

తర్వాత మూట విప్పింది. పొట్టుతో ఉన్న విత్తనం గదా, బంగారంలా మెరుస్తోంది. గుప్పెడు తీసి నా ముఖం ముందు పెట్టి, "అసలైన కొర్రలంటే ఇవీ. ఇవే వండుదాం" అంది.

పొట్టు తీయకుండా కొర్రలు వండకూడదని మా వీధిలో పసిపిల్లకైనా తెలుసు. పైగా అది విత్తనం. కరువు కాలంలో గంజి తాగి పడుకున్నారు గానీ మా ఇంట్లో ఎవరూ విత్తనం మీద చెయ్యి వేయలేదు. ఒక్క మాట చెబితే సరిపోయేది.

"మీరెట్లా చెబితే అట్లానే మేడమ్" అన్నాను.

పురుగు పట్టకుండా అమ్మ వేసిన ఎండు వేపాకులను నేనే ఏరేశాను. కడిగిందీ నేనే, మూటంతా డేగిసాలో పోసిందీ నేనే. నీళ్లు ఇంకిపోతుంటే మళ్లీ పోస్తూ, గింజ మెత్తబడక ఆమె కంగారు పడుతుంటే లోపల్లోపల నవ్వుకున్నాను. గోడ అవతల పాస్టరుగారు ఏ వాక్యం చెబుతున్నారో నా చెవికెక్కలేదు.

ఆరాధన అయ్యాక నలభై మంది దాకా వచ్చి కూర్చున్నారు. మేడమ్ మన పూర్వీకుల జ్ఞానం గురించి అరగంట మాట్లాడి, మొదటి ముద్ద తానే నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఇంకా నమిలింది. పొట్టు గొంతుకు అడ్డం పడి, కళ్ల నీళ్లు కారేదాకా దగ్గింది. ఆ దగ్గు నాకు ఎంత తియ్యగా వినిపించిందో దాచుకోను. ఇప్పుడు తలుచుకున్నా తియ్యగానే ఉంటుంది.

"ఏందక్కా, ఇసకను నమిలినట్టుండాది!" అని ఒకామె ఊసేసింది. "షుగరొచ్చి సచ్చినా సరే, నాకు సోనా అన్నమే సాలు" అని ఇంకొకామె విస్తరి మడిచేసింది. నవ్వుకుంటూ అందరూ లేచారు. "ఉండండమ్మా, డబ్బాలోవి నేను వండిపెడతా" అంటూ అమ్మ గుమ్మం దాకా వాళ్ల వెంట పోయింది. ఎవరూ ఆగలేదు.

మేడమ్‌ను కారు దాకా సాగనంపుతూ అన్నాను: "మీరు వండింది నిజంగా పిట్టలకు వేసేదే మేడమ్. మనుషులు తినే కొర్రన్నం మీరు ఒకసారి చూశారు. ఆరో తరగతి పిల్ల గిన్నెలో."

ఆమె నా ముఖం చూసి, "గుర్తు రావడం లేదమ్మా. ఎంతో మందికి పాఠాలు చెప్పాను గదా" అంది. అబద్ధం చెప్పినట్టు లేదు. నేను ముప్పై ఏళ్లు మోసిన పగలో ఆమె వంతు ఏమీ లేదు. ఆ కోపంతోనే కారు తలుపు గట్టిగా వేశాను.

గదిలోకి వచ్చేసరికి అమ్మ ఒక్కతే ఉంది. నోట్లోని ముద్దను అరచేతిలోకి తీసుకుని చూస్తోంది. పక్కన మూట ఖాళీగా పడి ఉంది.

"వండేటప్పుడు నువ్వు ఈన్నే ఉన్న్యావు గదా?"

ఉన్నానన్నాను. నంద్యాల గిన్నె సంగతి మొదటిసారి ఆమెకు చెప్పాను. నీకోసమే చేశానమ్మా అని కూడా అన్నాను. అంతా విన్నది.

"ఆయమ్మకు తెలీదు. నీకు తెలుసు" అంది.

తర్వాత పాణ్యం, నందికొట్కూరు తిరిగి దొరికిన కొర్ర విత్తనాలన్నీ తెచ్చాను. అమ్మ ఒక్కో రకాన్నీ చేతిలో పోసుకుని చూసి, మనది గాదని పక్కన పెట్టింది. వానలు పడ్డాక ఆ చేనిని మొక్కజొన్న వేసేవాళ్లకు కౌలుకిచ్చేశాం. ఇప్పుడు అమ్మ నేను తెచ్చిన సోనా బియ్యమే తింటోంది. అన్నం ఎట్లా ఉందని నేను అడగను.