కొన్న బియ్యం

బీరంగూడ రోడ్డు మీద సూపర్ మార్కెట్ తెరిచాక పదిహేను రోజుల దాకా మా కాలనీ ఆడవాళ్ల నోట వేరే ముచ్చట లేదు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. అంతకుముందు అలాంటి దుకాణాలు సిటీలోనే ఉండేవి. మేం ఎప్పుడన్నా పోయినప్పుడు అద్దాల్లోంచి చూసి వచ్చేవాళ్లం. ఇప్పుడు ఫ్యాక్టరీ బస్సులు ఆగే చోటే, పంక్చర్ షాపు పక్కనే ఒకటి వెలిసింది. ఎదురింటావిడ గంటసేపు లోపల చల్లగా తిరిగి, ఒక్క అగ్గిపెట్టె కొనుక్కొని వచ్చానని గొప్పగా చెప్పింది. పక్కింటావిడకు వంకాయలు ఒక్కొక్కటే ఏరుకోనిస్తారని సంబరం. అయితే కరివేపాకుకు కూడా పైసలే తీసుకుంటున్నారని ఆమే మళ్లీ మూతి విరిచింది.

నేను మా అత్తమ్మను వెంటబెట్టుకొని పోయాను. వాకిట్లోనే గొడవ. వాచ్‌మన్ ఆమెను చేతిసంచి అక్కడ పెట్టి టోకెన్ తీసుకొమ్మన్నాడు. "నా సంచి నీకెందుకియ్యాలె? నేనేమన్న దొంగనా?" అంది. వాడికి తెలుగు రాదు, ఈమెకు హిందీ రాదు. నేను మధ్యలో పడి సంచి లాక్కొని వాడికిచ్చి, టోకెన్ ఆమె చేతిలో పెట్టాను. ఆమె దాన్ని కొంగుకు ముడేసుకుంది.

లోపలికి పోయాక ఆమె వరసల మధ్య నిలబడి అటూ ఇటూ చూసింది.

"ఎవర్ని అడగాలె?"

"ఎవర్నీ అడగక్కర్లేదు అత్తమ్మా. ధర దాని మీదనే రాసి ఉంటది."

"రాసినదానితోని బేరమెట్ల జేస్త?"

పప్పుల దగ్గర, నూనెల దగ్గర ఆమె ఆగలేదు. వెనక గోడకు వరసగా పెట్టిన బియ్యం డబ్బాల దగ్గర మాత్రం చాలాసేపు నిలబడింది. పెద్ద పెద్ద మూతల డబ్బాలు, ఒక్కోదానిలో ఒక్కో రకం, తీసుకోవడానికి ఒక స్టీలు చెంచా. ఆమె ఏమీ ముట్టుకోలేదు. బయటికి వచ్చి సంచి చేతికందాక అంది. "గిదేం దుకాణం బిడ్డా? ఎవ్వరచ్చిన్రు, ఎట్లున్నరు అని అడిగే మనిషే లేడు. నాకైతే నచ్చలే."

ఆమె బియ్యం దగ్గర ఎందుకు నిలబడిందో నాకు తెలుసు. తెలిసీ తెలియనట్టు ఇంటి దాకా కబుర్లు చెప్పుకుంటూ వచ్చాను. ఎందుకంటే ఆ తప్పు నాది.

మా అత్తగారిది వెలిమెల. తరాలుగా పొలం దున్నుకున్న ఇల్లు. మా ఆయనకు ఫ్యాక్టరీలో పని దొరికాక, పొలం కొంత కొంత అమ్మి బీరంగూడలో ఇల్లు కట్టుకున్నారు. చివరికి ఒక్క మడి మిగిలింది. చుట్టూ ప్లాట్లు పడి, కాలువ పూడిపోయి, నీళ్లు రాని పరిస్థితి వచ్చాక మా మామ దాన్ని కూడా అమ్మారు. అమ్మకముందు పండిన పంట మాత్రం ఒక్క గింజ కూడా అమ్మలేదు. ఇరవై సంచుల వడ్లు ట్రాక్టర్ మీద ఇంటికి తెచ్చి దింపించారు. నెలకో సంచి గిర్నికి పంపి పట్టించుకుంటే దాదాపు రెండేళ్లు వస్తాయి.

"నేనున్నన్ని దినాలు ఈ ఇంట్ల బియ్యం కొనద్దు," అని ఆ రోజు అందరి ముందూ అన్నారు. అప్పటికే ఆయనకు ఆయాసం. రెండేళ్లు తను బతకనని ఆయన లెక్క.

నాకది మొదట అర్థం కాలేదు. నేను సంగారెడ్డిలో ఉద్యోగస్తుల ఇంట్లో పుట్టాను. మా నాన్న జీతం రాగానే కొనే మొదటి వస్తువే బియ్యం. కొన్న బియ్యం తినడం సిగ్గని ఎవరైనా అంటే నవ్వు వచ్చేది. ఇక్కడికి వచ్చాక చూశాను. వెలిమెల నుంచి ఎవరొచ్చినా మొదట అడిగే మాట, "బియ్యం మనయేనా?" మా మామ జవాబు చెప్పేటప్పుడు ఆయన మెడ ఎంత నిటారుగా నిలిచేదో చూడాలి.

ఆ సంచులు ఎక్కడ పెట్టాలో చూపించింది నేను. వెనక గది ఖాళీగా ఉంది, గోడ వారగా వరసగా పెట్టించాను. ముచ్చటగా సర్దానని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. ఆ గోడకు అవతల బాత్‌రూం అన్న సంగతి నాకు తట్టలేదు. నేల మీద నేరుగా పెట్టకూడదని కూడా నాకు తెలియదు.

సూపర్ మార్కెట్ ఇంకా తెరవకముందు, వానాకాలంలో ఒకరోజు మా అత్తమ్మ ఆ గదిలోకి పోయి, చాలాసేపు బయటికి రాలేదు. నేను పోయి చూసేసరికి ఒక సంచి అడుగున చెయ్యి పెట్టి కూర్చుంది. గోనె తడిసి నల్లబడింది. లోపలి వడ్లు ముద్దకట్టి, తెల్లటి మొలకలు గోనె కంతల్లోంచి బయటికి వచ్చాయి. గదంతా ముక్కిపోయిన వాసన. అన్నీ విప్పి చూశాం. అప్పటికే తిన్న మూడు సంచులు పోను, బాగున్నవి మూడు మిగిలాయి, పద్నాలుగు పోయాయి.

నన్ను తిడుతుందని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది, నేనూ రెండు మాటలని తేలికపడేదాన్ని. ఆమె చెయ్యి కొంగుకు తుడుచుకొని, "మీ మామకు తెల్వద్దు. తెలిస్తే ఆ మనిషి మల్ల లేవడు," అంది. అంతే.

మామ వెలిమెలలో పెండ్లికి పోయి రెండు రోజులు రాలేదు. ఆ రెండు రోజుల్లో కుళ్లిన వడ్లు బయటికి పోయాయి. మా ఆయన గిర్ని నుంచి ఊక తెచ్చారు. మా అత్తమ్మ ఆ పద్నాలుగు సంచులూ ఎండబెట్టి, వాటిలో ఊక కూరి, మూతులు సుతిలి దారంతో కుట్టి, మళ్లీ అదే వరసలో నిలబెట్టింది. చూడ్డానికి ఇంటి నిండా ధాన్యం.

మంచివి మూడు సంచులూ దీపావళి దాకా వచ్చాయి. తర్వాత బియ్యం కొనాలి. కొనడానికి కాలనీ మొగదల సేటు దుకాణం ఉంది. కానీ ఆ సేటు మా మామ పండించిన వడ్లు ఏళ్ల తరబడి కొన్నవాడు. మామ రోజూ పొద్దున పేపర్ చదివేది కూడా ఆ దుకాణం బల్ల మీదే. అక్కడ మేం కిలో బియ్యం అడిగినా, మేం ఇంటికి చేరకముందే మామకు కబురు చేరుతుంది.

ఒక మధ్యాహ్నం మా అత్తమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి, గొంతు తగ్గించి అంది. "గా అద్దాల దుకాణం ఉన్నది గదా. అక్కడ ఎవ్వరూ ఏమీ అడగరు."

అలా మొదలైంది. ఏ దుకాణంలో పలకరించేవాడు లేడని మూతి ముడిచిందో, ఆ దుకాణానికే ఆమె నెల నెలా నడవడం మొదలుపెట్టింది. టోకెన్ తీసుకోవడం అలవాటైంది. బియ్యం మాత్రం చూడకుండా కొనేది కాదు. మూత ఎత్తి, నాలుగు గింజలు నోట్లో వేసుకొని, ముందు పళ్లతో పటుక్కున కొరికి, చప్పుడు వినేది. పాత బియ్యమా కొత్త బియ్యమా అన్నది ఆ చప్పుడులో తెలుస్తుందట. అక్కడ పనిచేసే అమ్మాయి మొదటిరోజే పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా, అట్ల తినద్దు."

"తినకుంట ఎట్ల కొంటరు బిడ్డా?"

ఆ అమ్మాయి నా మొహం చూసింది. నేను సబ్బుల వైపు చూశాను.

బియ్యం ప్లాస్టిక్ కవర్లలో కట్టి, చీటీ అంటించి ఇచ్చేవాళ్లు. ఆ కవర్లు ఇంటికి తేవడానికి లేదు. మొదటి షిఫ్టు దిగి మా ఆయన స్కూటర్ మీద గోనె సంచితో రోడ్డు మలుపులో నిలబడేవారు. ముగ్గురం చెట్టంత హోర్డింగు వెనక్కి పోయి, కవర్లు చింపి గోనెలో పోసుకునేవాళ్లం. నెలకోసారి ఒక ఊక సంచి గిర్నికని బయటికి పోయేది, బియ్యం నింపుకొని తిరిగొచ్చేది. దొంగసొమ్ము పంచుకుంటున్నట్టుందని ఒకసారి నాకు నవ్వాగలేదు. మా అత్తమ్మ చూసిన చూపుకు నోరు మూసుకున్నాను.

భోజనాల దగ్గర మాత్రం నాకు నవ్వు వచ్చేది కాదు. ఇంటికి ఎవరొచ్చినా మామ, "పెట్టుకోన్రి, మన మడి బియ్యమే," అని కొసరి పెట్టించేవారు. మా అత్తమ్మ తలెత్తకుండా వడ్డించేది. నేను కూర గిన్నె వంకతో వంటింట్లోకి పోయేదాన్ని. చెప్పేద్దామని చాలాసార్లు అనిపించింది. తప్పు నాది కాబట్టి చెప్పే ధైర్యమూ నాకే ఉండాలి, అది లేకపోయింది.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక పొద్దున సర్ఫు అయిపోతే నేనొక్కదాన్నే సూపర్ మార్కెట్‌కు పోయాను. వాకిట్లో మెట్ల పక్కన ఒక జత తోలు చెప్పులు విడిచి ఉన్నాయి. ఆ దుకాణం ముందు చెప్పులు విడిచేవాళ్లు ఎవరా అనుకుంటూ లోపలికి పోయి, వెనక గోడ వైపు చూసి నిలబడిపోయాను. బియ్యం డబ్బాల దగ్గర మా మామ ఉన్నారు. ఒక డబ్బా మూత ఎత్తి పట్టుకొని, గింజ కొరుకుతున్నారు. అత్తమ్మ కొరికినట్టే, తల కొంచెం పక్కకు వంచి.

నేను వెనక్కి తిరిగేలోపే చూశారు. కోపం లేదు, కంగారూ లేదు. దగ్గరికి రమ్మని చెయ్యూపారు.

"పోయిన నెల తెచ్చినయి ముద్దయినయి. అవి కొత్తయి. ఇగో, ఈ మూలకున్న డబ్బలయి తీస్కపోన్రి. ఇవి పాతయి, అన్నం పొడిగ అయితది."

"ఎప్పటిసంది తెలుసు మామా?" అని అడిగాను.

"పెండ్లి నుంచి వచ్చిన నాడే. సంచి మీద చెయ్యేస్తె తెల్వదా? వడ్లు చేతికి ఎదురు నిలుస్తయి. ఊక లోపలికి పోతది." మూత జాగ్రత్తగా పెట్టారు. "మీ అత్తకు చెప్పకు. పాపం, పద్నాలుగు సంచులు ఒక్కతే కుట్టింది. నాకు తెలిసిందంటె పరేషానయితది."

ఆయన ముందు పోయి చెప్పులేసుకొని సేటు దుకాణం వైపు నడిచారు, పేపర్ చదవడానికి. నేను సర్ఫు వరసలో నిలబడి ఏడ్చాను. ఏడ్చే మనిషిని కూడా అక్కడ ఎవరూ ఏమీ అడగలేదు. ఆ రోజు ఆ దుకాణం మీద నాకు మొదటిసారి గౌరవం కలిగింది.

మూల డబ్బాలో బియ్యం తెచ్చాం. అన్నం పువ్వులా విచ్చుకుంది. "ఈపారి నువ్వు ఏరినయి మంచిగున్నయి బిడ్డా," అని అత్తమ్మ చెవిలో మెచ్చుకుంటే, ఊఁ కొట్టాను.

తొలకరి పడ్డ రోజుకు ఇంకా ఆరు ఊక సంచులు మిగిలి ఉన్నాయి. మామ ఎక్కడి నుంచో నాలుగు చెక్కలు, రెండు వరసల ఇటుకలు తెప్పించి వెనక గది ముందు పెట్టించారు. మా ఆయనను కేకేశారు.

"జెర ఆ కొస పట్టురా. బరువున్నయి, మెల్లగ."

మా ఆయన నావైపు చూసి, వంగి రెండు చేతులా పట్టుకున్నారు. ఒంటి చేత్తో విసిరేయగల సంచిని తండ్రీ కొడుకులు ఇద్దరూ నడుం వంచి, ఊపిరి బిగబట్టి, గోడకు జానెడు దూరంగా చెక్కల మీదికి ఎక్కించారు. మామకు ఆయాసం నిజంగానే వచ్చింది. ఆరు సంచులూ అలాగే ఎక్కించారు. అత్తమ్మ గడపలో నిలబడి చూస్తోంది. ఆ బరువు ఎంతో కుట్టిన ఆమెకు తెలియదా? ఆమె కళ్లు నిండాయి. "మెల్లగ, నడుం పట్టుకుంటది," అంది మామతో.

మామ చివరి సంచి సరిచేసి, చెమట తుడుచుకొని, నావైపు తిరిగారు.

"వడ్లు ఎప్పుడన్న గిట్ల పెట్టాలె బిడ్డా, కింద చెక్కలేసి, గోడకు తాకకుంట. నీకు తెల్వదు. మేమన్న చెప్పకపోతిమి."