బండల కుప్పకు దొంగలు పడ్డ రోజు

నా పరువు నేనే తీసుకుని, పైగా పదిమందిని కేకేసి మరీ చూపించిన కథ ఇది. నవ్వేవాళ్లు నవ్వండి, ఎలాగూ నేను ఆపలేను.

తాండూరులో మాకు నాపరాళ్లు కోసి పాలిష్ పట్టే చిన్న ఫ్యాక్టరీ ఉంది. కోసిన ప్రతి బండకూ నేను స్వయంగా మొట్టికాయ వేసి, ఖంగుమంటేనే లారీ ఎక్కనిచ్చేవాణ్ణి. నేను భోంచేస్తే బండలు ఆగేవి, కునుకు తీస్తే ఆగేవి, పెళ్లికి పోతే వచ్చేదాకా ఆగేవి. అలా ఆగినవి గుట్టలా పేరుకుంటే, ఇదీ సంపదంటే అని మురిసిపోయేవాణ్ణి. తన కోడీ కుంపటీ లేకపోతే ఊరు తెల్లారదనుకున్న అవ్వకు, నా మొట్టికాయ తోడైందన్నమాట.

నా బిడ్డ సునీత హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ లీన్ పద్ధతి నేర్చుకుని వచ్చింది. ఆర్డరు ఉన్నంతే కోయాలట. కోసినవాడే అక్కడే పరీక్షించాలట. తయారైంది ఆగకుండా పోవాలట. నాకు ఒళ్లు మండింది. నిజం చెప్పాలంటే, ఎంత వెతికినా ఆ పద్ధతిలో యజమాని కుర్చీ ఎక్కడా కనబడలేదు.

అప్పటికే హైదరాబాదు బిల్డరొకాయన, ఈసారి ఆలస్యమైతే మీకో దండం అని చెప్పేశాడు. సునీత పట్టుబట్టింది.

"రెండు రోజులు అత్త ఇంటికి పోయి రా నాయినా. బిల్డరు సరుకు టైముకు పోతే ఫ్యాక్టరీ తాళాలు నాయి. లేదంటే నేను మల్ల నౌకరికి పోత."

"తాళాల మీద ఆశ పెట్టుకోకు బిడ్డా" అన్నాను.

వికారాబాద్‌లో చెల్లెలి ఇంట్లో ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అంతా ఆగమైంది, నువ్వే దిక్కని బిడ్డ ఏడవాలి. నేను వెళ్లి ఆదుకోవాలి. ఆదుకునేటప్పుడు ఏమనాలో కూడా అనుకుని పెట్టుకున్నాను. చెల్లెలు కొసరి కొసరి వడ్డించింది గానీ, ఫోను మాత్రం మోగలేదు. గడువు తీరగానే పొద్దున్నే రైలెక్కి వచ్చి గేటు తీద్దును కదా, యార్డు అద్దంలా ఉంది. ఒక్క బండ లేదు.

దొంగలు పడ్డారని నేను పెట్టిన కేకకు పక్క ఫ్యాక్టరీల వాళ్లు కర్రలు పట్టుకుని ఉరికొచ్చారు. ఎదుటి ఫ్యాక్టరీ యాదయ్య, ఎవరి మీదన్నా అనుమానం ఉందా అని అడిగాడు.

"ఎవరి మీదనో ఎందుకే? నా బిడ్డ తెచ్చిన గా కొత్త పద్ధతి మీదనే" అన్నాను.

అంతలో స్కూటీ మీద సునీత దిగింది.

"బండలన్నీ పోయినయ్ బిడ్డా."

"అవ్, పోయినయ్. అమ్మినం."

బిల్డరు సరుకు గడువు కన్నా ముందే వెళ్లిందట. పాత గుట్టనంతా పరిగిలో ఇళ్లు కట్టే కాంట్రాక్టరు ఒకే దఫా ఎత్తుకుపోయాడట. బిల్డరు ఇంకో లోడు కావాలన్నాడట.

"అన్నీ అమ్మినవా?" అన్నాను.

"అమ్మనీకే గద నాయినా కోసేది?"

కొట్టడానికి వచ్చినవాళ్లు ఆ కర్రల మీదే వాలి నవ్వారు. సిగ్గేసింది గానీ, అంతకు పదింతలు గర్వంగా అనిపించింది. అంతమంది ముందే తాళాల గుత్తి తీసి బిడ్డ చేతిలో పెట్టాను. ఇవాళ ఆ యాదయ్యే కొడుకును వెంటబెట్టుకుని వచ్చి, మా సునీత దగ్గర పని నేర్పిస్తున్నాడు.

కాబట్టి ఆ కర్రల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: నా సరుకు అమ్ముడుపోయినప్పుడు ఇంకెన్నడూ దొంగలు పడ్డారని అరవను.