వంకలు పెట్టి గెలుచుకున్న తుపాకీ

మొన్న శుక్రవారం నాకు తుపాకీ బహుమతిగా వచ్చింది, తెలుసా? బొమ్మ తుపాకీ కాదు. ఆఫ్రికాలో అడవి దున్నల్ని కొట్టే అసలు సిసలు రైఫిల్. బొద్దింక కనిపిస్తే మా ఆవిడ పద్మని కేకేసే నాకు! నవ్వండి, నవ్వండి. ఇంకా నేను మొదలే పెట్టలేదు. టీ చల్లారేలోపు మొత్తం చెప్పేస్తాను, మధ్యలో ఆపకండి.

రాస్ అల్ ఖైమాలో మన తెలుగువాళ్ళు ఎవరు సెకండ్ హ్యాండ్ కారు కొనాలన్నా ముందు నాకే ఫోన్ చేస్తారు కదా. మూర్తి గారు చూస్తే మోసం ఉండదని పేరు. ఆ పేరు ఎలా వచ్చిందో ఇవాళ చెబుతున్నాను, బయట అనకండి. నాకు ఇంజిన్ గురించి ఏమీ తెలీదు. నాకు తెలిసిందల్లా మొహం పెట్టడం. బండి చుట్టూ ఒకసారి తిరుగుతాను. టైరుని కాలితో తడతాను. బానెట్ ఎత్తి పెద్ద నిట్టూర్పు విడుస్తాను. యాక్సిడెంట్ బండిలా ఉందే అని నాలో నేను అనుకున్నట్టు పైకే అంటాను. అవతలివాడికి కంగారు పుడుతుంది, రేటు దిగుతుంది. విద్య అంతవరకే.

ఆఫీసులోనూ అదే విద్య. మాది రాళ్ళ క్రషర్ కంపెనీ. పాత జనరేటర్లు, పాత లోడర్లు కొనడం నా పని. హోదా మాత్రం పర్చేజ్ అసిస్టెంట్. మేనేజర్ సీటు ఎప్పట్నించో ఖాళీగా ఉంది. ఆ కుర్చీ పక్కనుంచి వెళ్తే చాలు, కూర్చోవడానికి నా నడుం దానంతట అదే వంగుతుంది.

గురువారం మా ముదీర్, అంటే మా పెద్ద బాస్, అబూ సైఫ్ కేబిన్‌లోకి పిలిచాడు. కంపెనీ ఓనరు ఆయనే. వచ్చే నెల టాంజానియా వెళ్తున్నాడట, అడవి దున్న వేటకి. లైసెన్సు, పర్మిట్లు అన్నీ ఉన్నాయి, సరైన తుపాకీయే లేదు. ఫుజైరా వెళ్ళే దారిలో కొండల్లో వాళ్ళ నాన్నగారి స్నేహితుడు ఒకాయన ఉన్నాడు, అబూ రాషిద్ అని. వయసులో ఉండగా ఆయన పెద్ద వేటగాడు. ఆయన దగ్గరున్న పాత బోల్ట్ యాక్షన్ రైఫిల్ అమ్మేస్తాడని తెలిసింది. ప్రతి తూటాకీ పక్కనున్న పిడి ఎత్తి వెనక్కి లాగి ముందుకి తొయ్యాలి, ఆ రకం.

మరి మీరే వెళ్ళొచ్చుగా బాస్ అన్నాను. తను వెళ్తే పెద్దాయన డబ్బు ముట్టడట, స్నేహితుడి కొడుకని ఊరికే చేతిలో పెట్టేస్తాడట. అలా తీసుకోవడం మా వాడికి నామోషీ. అందుకని నేను ఎవరి తరఫునో వచ్చినట్టు వెళ్ళాలి, సరుకు చూడాలి, బాగుంటే బేరం కుదర్చాలి. ముదీర్ పేరు ఎత్తకూడదు. పోలీసు కాగితాలూ అవీ తర్వాత ఆయన చూసుకుంటాడు.

"దాన్ని మీ ఊరి గేదె అనుకోకు మూర్తీ," అన్నాడు హిందీలో. "దెబ్బతిన్న దున్న పారిపోదు, కొట్టినవాడి మీదికే వస్తుంది. ఆ టైములో తుపాకీ ఒక్కసారి మొరాయించిందా, నేను పెట్టెలో ఇంటికొస్తాను. జాగ్రత్తగా చూడు. ఈ పని సరిగ్గా చేశావంటే ఆ కుర్చీ సంగతి మాట్లాడుకుందాం."

తుపాకీల గురించి నాకు తెలీదు సార్ అని చెప్పొచ్చు కదా? కుర్చీ మాట వినపడ్డాక ఇంకెక్కడ చెబుతాను? తలూపాను.

ఆ సాయంత్రం వీడియోలు చూశాను. ఒక తెల్లాయన పాత రైఫిల్ ఎలా చూడాలో నిదానంగా చెబుతున్నాడు. ఎంత నిదానంగా అంటే సగంలోనే నాకు కునుకు పట్టింది. పద్మ ఫోన్ తీసి పక్కన పెడుతూ, కుక్కర్ వాల్వ్ మార్చడానికే మనిషిని పిలిపించారు, మీరు తుపాకీకి సర్టిఫికెట్ ఇస్తారా అంది. ఆడవాళ్ళకి బిజినెస్ తెలీదులే అనుకున్నాను.

శుక్రవారం బయల్దేరాం, నేనూ ఖాదరూ. ఖాదర్ కడప మనిషి, మా ఆఫీసు డ్రైవరు, అరబిక్ గడగడా మాట్లాడతాడు. అబూ రాషిద్‌కి ఇంగ్లీషూ రాదు, హిందీ రాదు కాబట్టి ఇతనే నా నోరు. దారి పొడుగునా ఒకటే పోరు: సార్, పెద్దాయన ముందర మాట జాగ్రత్త, అది బజారు గాదు. నేను విసుక్కున్నాను. నువ్వు ట్రాన్స్‌లేట్ చెయ్యి చాలు, బేరం నాకొదిలెయ్ అన్నాను.

మజ్లిస్‌లో, అంటే వాళ్ళ అతిథుల గదిలో, కూర్చోబెట్టి ఖర్జూరాలు పెట్టారు, కాఫీ పోశారు. అబూ రాషిద్ తెల్ల గడ్డం, సన్నటి మనిషి, తనే స్వయంగా లోపలికెళ్ళి బట్టలో చుట్టిన రైఫిల్ తెచ్చాడు. పిడి లాగి ఖాళీగా ఉందని చూపించి నా ముందు పెట్టాడు. నేను షర్టు చేతులు మడిచాను. మొహం పెట్టాను.

ముందు నిట్టూర్పు. తర్వాత వేలితో ఇనుము మీద రుద్దాను. చేత్తో పట్టుకునే చోట నల్లరంగంతా పోయి తెల్లగా మెరుస్తోంది. "పాలిష్ మొత్తం పోయింది, ఎవరూ పట్టించుకోలేదు" అన్నాను. ఖాదర్ నావైపు ఒకసారి చూసి అరబిక్‌లో చెప్పాడు. నేను అన్నదానికి రెండింతలు చెప్పినట్టు అనిపించింది. అరబిక్ అంతే కాబోలు, పొడుగు భాష అనుకున్నాను. పెద్దాయన చిన్నగా నవ్వాడు. ఆహా, ఇబ్బంది పడుతున్నాడు, నా విద్య పారుతోంది!

ఇక ఆగుతానా? చెక్క మీద సొట్టలున్నాయన్నాను. బోల్ట్ వెనక్కి లాగితే వదులుగా ఊగుతోంది, అరిగిపోయిందన్నాను. బరువెక్కువ, పాత మోడల్ అన్నాను. ఖాదర్ ఒక్కోదానికీ చేతులు ఊపుతూ, గుండె మీద చెయ్యి పెట్టుకుని మరీ చెబుతున్నాడు. పెద్దాయన మొహం వెలిగిపోతోంది. అప్పుడైనా నాకు అనుమానం రావాలా వద్దా?

ఆయన ఉత్సాహంగా లేచి ఉత్తుత్తి తూటాలు నాలుగు వేసి, ఎలా పట్టుకున్నా మొరాయించదని చూపించడానికి రైఫిల్‌ని తలకిందులుగా తిప్పి బోల్ట్ ఆడించాడు. నాలుగూ టకటకా లోపలికెళ్ళి టకటకా బయటికొచ్చాయి. మా క్రషర్ బెల్టే దీనికన్నా స్మూత్‌గా తిరుగుతుందన్నాను. ఖాదర్ కళ్ళు మూసుకుని చాలాసేపు మాట్లాడాడు. అబూ రాషిద్ కళ్ళు తుడుచుకున్నాడు. మరీ ఎక్కువగా కొట్టానేమో అని నాకే జాలేసింది.

బయటికొచ్చి ముదీర్‌కి ఫోన్ చేశాను. "తుక్కు సరుకు బాస్. రంగు లేదు, అంతా వదులు. అయినా మీరు వర్రీ అవకండి, తుక్కు రేటుకి దింపుతున్నాను." ఆయన ఊఁ అన్నాడు. తుక్కుని పట్టుకుని దున్న ఎదుట నిలబడేది ఆయనేనన్న సంగతి నాకు తట్టనే లేదు. రేటు దింపితే నేను గెలిచినట్టే.

లోపలికి రాగానే పెద్దాయన రైఫిల్‌ని రెండు చేతులతో ఎత్తి నా రెండు చేతుల్లో పెట్టాడు. నా భుజం తట్టి ఏదో అన్నాడు. ఖాదర్ మొహంలో రక్తం లేదు.

"ఎంత అంటున్నాడు?" అన్నాను.

"నవ్వుతా మాట్లాడండి సార్, ఆయన చూస్తాండాడు. ఎంత లేదు. మీకు ఇచ్చేసినాడు."

"ఇచ్చేయడమేంటి?"

"వీళ్ళ ఇంట్లో వస్తువుని మనం అంతగా మెచ్చుకుంటే వీళ్ళు ఇచ్చేస్తారు సార్. వద్దంటే ఆయన్ను కొట్టినట్లే."

"నేను తిట్టాను కదయ్యా!"

"మీరు తిట్టినారు. నేను పొగిడినా. పెద్దాయన ఇంట్లో కూర్చొని, ఆయన కాఫీ తాగి, ఆయన తుపాకీని తుక్కు అంటే మనం ఈ కొండ దిగేవాళ్ళమా సార్?"

రంగు పోయిందన్నానా, కొండలన్నీ ఎక్కి దిగిన చేతి గుర్తు ఇది, కడిగినా పోని గౌరవం అన్నాడట. బరువన్నానా, మగవాడి తుపాకీ అన్నాడట. బెల్టు మాటకి ఏం చెప్పాడో అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. నేను నవ్వుతూనే ఉన్నాను. లైసెన్సు లేని పరదేశిని, దీన్ని గడప దాటించానంటే తిన్నగా లోపలేస్తారు. తిరిగి ఇచ్చేస్తే ఆయనకి అవమానం.

ఇంతలో పెద్దాయన నా కఫీల్ ఎవరని, అంటే నాకు వీసా ఇచ్చిన యజమాని ఎవరని అడిగాడు. ఆయన ముందు ఇంకో అబద్ధమాడ్డం ఖాదర్ వల్ల కాలేదు. అబూ సైఫ్ పేరు వినగానే నా స్నేహితుడి కొడుకే అని మురిసిపోయి అక్కడికక్కడే ఫోన్ కలిపాడు. ఏదో ఆనందంగా చెప్పి ఫోన్ నాకిచ్చాడు.

ముదీర్ గొంతు చల్లగా ఉంది. "మూర్తీ, నాకు తుక్కు అని చెప్పావు. ఆయనకేమో ఇలాంటి రైఫిల్ ఎమిరేట్స్‌లోనే లేదన్నావట. ఇప్పుడది నీ చేతిలో ఉందట. నాకర్థమయ్యేలా చెప్పు."

నా నడుం విరిగినంత పనయింది. అవును కదా, ఎవరు విన్నా ఏమనుకుంటారు? బాస్‌కి బాలేదని చెప్పి, పెద్దాయన దగ్గర పొగిడి, సరుకు తనే కొట్టేశాడనేగా! ఎదురుగా ఖాదర్ చేతులు జోడించి నిలబడ్డాడు. దొంగనా, మూర్ఖుడినా, రెండిట్లో ఏదో ఒకటి ఒప్పుకోవాలి. దొంగనంటే ఉద్యోగం పోతుంది. మూర్ఖుడినంటే పరువే కదా పోయేది, అది ఇంట్లో ఎలాగూ లేదు.

"బాస్, నాకు తుపాకీల గురించి ఏమీ తెలీదు. రేటు తగ్గుతుందని నోటికొచ్చినట్టు వంకలు పెట్టాను. ఖాదర్ వాటిని పొగడ్తలు చేశాడు."

మళ్ళీ చెప్పమన్నాడు, మళ్ళీ చెప్పాను. తర్వాత నవ్వు మొదలైంది. అది ఆగకముందే ఫోన్ కట్టయింది. గంట తిరిగేసరికి కారేసుకుని ఆయనే దిగాడు.

రైఫిల్ తీసుకుని కిటికీ వెలుతురులో గొట్టం లోపలికి చూశాడు. చెక్క ఎక్కడైనా చీలిందేమోనని చేతిపట్టు దగ్గర గోటితో తడిమాడు. తూటాలు వేసి ఆడించాడు. గొట్టం కొత్తదానిలా ఉంది, మోసింది ఎక్కువ, పేల్చింది తక్కువ, రంగు పోవడం అందుకే అన్నాడు. పాత తుపాకీకి కొత్త పాలిష్ ఉంటేనే అనుమానించాలట. బోల్ట్ తెరిచినప్పుడు ఊగడం ఈ రకానికి మామూలేనట, మూస్తే బిగుస్తుంది. బరువుండబట్టే భుజం ఊడిపోదట. అంటే నేను పెట్టిన వంకల్లో ఒక్కటీ వంక కాదు. ఖాదర్‌కీ ఏమీ తెలీదు, కానీ వాడి అబద్ధాలన్నీ నిజాలయ్యాయి.

ఇప్పుడది నాది. అందుకని నేనే దాన్ని రెండు చేతులతో ఎత్తి, వినయంగా ముదీర్‌కి బహూకరించాను. డబ్బివ్వకుండా తీసుకోవడం ఇష్టం లేకే కదా ఆయన నన్ను పంపింది, చివరికి తన గుమాస్తా చేతులమీదుగా ఊరికే తీసుకున్నాడు. అబూ రాషిద్ నా త్యాగానికి చలించిపోయాడు. ఇంత చూపున్న మనిషి, ఇంత పెద్ద మనసున్న మనిషి, దున్న వేట చూడకుండా ఉండకూడదన్నాడు. నన్ను కూడా తీసుకెళ్ళమని, అది తన మాటగా అనుకోమని ముదీర్‌ని అడిగాడు. పెద్దాయన మాట కాదనలేం అన్నాడు ముదీర్. కాదనే ఉద్దేశం ఆ మొహంలో ఎక్కడా లేదు.

నిన్న ఆఫీసులో పిలిచి నా టికెట్ బుక్ అయిందని చెప్పాడు. దున్న వచ్చినప్పుడు తుపాకీ చూసిన మనిషి తుపాకీ పక్కనే ఉండాలన్నాడు. మరి ఆ కుర్చీ సంగతో అని గొణిగాను. ఆర్డర్ టైపయ్యే ఉందట, తిరిగొచ్చాక సంతకం పెడతాడట.

"ఇద్దరం తిరిగొస్తే," అన్నాడు.

ఏమన్నానో చెప్పనా? ఇంత జరిగాక, ఇంత బుద్ధొచ్చాక, "నో ప్రాబ్లమ్ బాస్" అన్నాను.