వదిన చేతికి పాళీ

పళ్ళాయన అంటే బజార్లో పళ్ళమ్మేవాడు అనుకునేరు. కాదు, కట్టుడు పళ్ళు చేసే ఆయన. డాక్టరు నోటి అచ్చు తీసి పంపిస్తే దాన్ని ముందు పెట్టుకుని, మైనంతో చిగుళ్ళు తీర్చి, ఒక్కొక్క పన్నే నాటి, అరగదీసి, మెరుగు పెట్టి పంపిస్తాడు. అవి పెట్టుకునే మనిషిని ఎన్నడూ చూడడు. వీధిలో ఎవరైనా హాయిగా నవ్వుతూ పోతుంటే మాత్రం "మనవేనేమో" అని వెనక్కి తిరిగి చూస్తాడు. ఆయన నోట్లోవి మాత్రం అన్నీ సొంత పళ్ళే.

నడివయసు దాటిన మగవాడికి ఏదో ఒక పిచ్చి పట్టక తప్పదు. కొందరు నాణేలు పోగేస్తారు, కొందరు రోగాలు పోగేస్తారు. ఈయన పాత ఇంకు పెన్నులు పోగేశాడు. ఫోనులో వేలంపాట నడుస్తుంది; ఎక్కడెక్కడి ఇళ్ళలోనో సొరుగుల అడుగున పడివున్న పెన్నులన్నీ అక్కడికి చేరతాయి. అమ్మేవాళ్ళ భాషే వేరు. "పరీక్షించి చూడలేదు" అని రాశారంటే, పరీక్షించారు, పనిచెయ్యలేదు అని అర్థం. "వయసుకు తగ్గ గీతలు" అంటే నిలువునా చీలిందని. "చాలా అరుదు" అంటే ఎవరూ కొనడం లేదని. ఈ భాష వంటబట్టేలోపు ఆయన కట్టెపుల్లల్లాంటివి చాలానే కొన్నాడు.

ఊళ్ళు పట్టుకు తిరిగేవాళ్ళకు ఈ బేరం కొత్త కాదు. ప్రతి రేవు పట్నంలోనూ ఒక సందు ఉంటుంది. పోయినవాళ్ళ కళ్ళజోళ్ళు, చేతికర్రలు, తాళంకప్ప లేని తాళంచెవులు దుప్పటి మీద పరిచి అమ్ముతుంటారు. ఒకరి కళ్ళజోడు ఇంకొకరికి ఆనదు. జత లేని తాళంచెవి ఎవరికీ పనికిరాదు. పెన్ను ఒక్కటే, కాస్త ఒళ్ళు కడిగితే కొత్త యజమాని దగ్గర కొలువుకు కుదురుతుంది అనుకుంటాం. అందులో ఒక మెలిక ఉంది. ఆ మెలిక తెలియకే పళ్ళాయన బోల్తా పడ్డాడు.

పార్సిల్ రాగానే ఆయన పని మొదలయ్యేది. ఎండి గడ్డకట్టిన సిరాను గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి కరిగించేవాడు. పాళీనీ, దాని కింద సిరా మోసే నాలుకనూ ఒడుపుగా పైకి లాగేవాడు. కొయ్యబారిన రబ్బరు సంచి తీసేసి కొత్తది తొడిగేవాడు. తుప్పు పట్టిన ఇనప పాళీ ఉంటే, పగిలిపోయిన ఇంకో పెన్నులోని బంగారు పాళీ తెచ్చి అమర్చేవాడు. ఊడిన పన్ను స్థానంలో కొత్త పన్ను పెట్టడం ఆయనకు చేతనైన విద్యే కదా.

"రాసేదేమీ లేని మనిషికి ఇన్ని పెన్నులెందుకండీ?" అనేది భార్య. "బట్టతలకి దువ్వెనలా?"

"ఎవరికో ఒకరికి పనికొస్తాయిలే."

ఆ ఎవరో మేడమీదే ఉంటుందని ఆయనకప్పుడు తెలియదు.

మేడమీద వాటా వదినది. అన్నగారు ఓడల్లో ఇంజనీరు. ఏడాదిలో ఎక్కువ రోజులు నీళ్ళమీదే. వదిన మాత్రం ఉన్నచోటు కదలకుండానే ఊరందరి బుర్రలూ తినేది. వారపత్రికకు గళ్ళ నుడికట్టు తయారుచేసేది ఆవిడే. గళ్ళ కాగితం మీద చేత్తో నలుపు గళ్ళు నింపి, అడ్డం, నిలువు ఆధారాలు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి పంపేది. కుదరని మాటకోసం బస్సులో ఎదురుగా కూర్చున్నవాళ్ళను కూడా అడిగే రకం.

అలాంటి మనిషికి ఒకనాడు కుడిపక్క పడిపోయింది. ఆసుపత్రినుంచి వచ్చేసరికి మాట దక్కింది. చేతికర్ర సాయంతో నడకా దక్కింది. కుడిచెయ్యి మాత్రం ఒళ్ళో పెట్టుకున్న పరాయి వస్తువులా ఉండిపోయింది.

ఎడమచేత్తో మొదలెట్టింది. బాల్‌పెన్ను గట్టిగా ఒత్తితేగానీ రాయదు, అలా ఒత్తితే నాలుగు మాటలకే చెయ్యి లాగేసేది. పెన్సిలు మొన విరిగేది. పళ్ళాయన పక్కన కూర్చుని చెప్పింది రాస్తానన్నాడు. రాస్తూ రాస్తూ ఊరుకోక, "వదినా, ఇక్కడ ఇంకో మాట బావుంటుందేమో" అన్నాడు.

"నువ్వు వెళ్ళి పళ్ళు చేసుకో నాయనా," అంది వదిన. "నాకు మాట చేతిలోంచి వస్తుందోయ్. నోట్లోంచి వచ్చేవి తిట్లే."

ఇంతలో పత్రికనుంచి సంపాదకుడు ఫోన్ చేశాడు. ఆవిడ ముందుగా పంపిన గళ్ళు అయిపోవచ్చాయట. ఇక రాయలేరంటే ఆ శీర్షికను కంప్యూటరుకి అప్పగిస్తారట. మర్యాదగానే చెప్పాడు. "చూస్తానండీ," అంది వదిన. ఫోను పెట్టేసి, గళ్ళ కాగితాల కట్టను తీయించి అలమార పై అరలో పెట్టించింది. ఆవిడ చేతికి అందని అర అది.

అది చూసిన రోజునుంచి పళ్ళాయన వేలంపాటలో పాడింది తనకోసం కాదు. ఒత్తకుండానే రాసే మెత్తటి బంగారు పాళీ ఉన్న పెన్ను కావాలి. చివరికి ఆకుపచ్చ గీతల పెన్ను ఒకటి కనిపించింది. "పరీక్షించి చూడలేదు." పార్సిల్ విప్పితే ఒళ్ళంతా పాడే; పాళీ మాత్రం చెక్కుచెదరలేదు. దాన్ని లాగి, తన దగ్గరున్న వాటిల్లో తేలికపాటి పెన్నుకు అమర్చాడు. పాళీ కొసన గట్టి లోహపు గింజ ఒకటుంటుంది, ఆవగింజలో సగం కూడా ఉండదు. కాగితాన్ని తాకేది అదొక్కటే. దాన్ని అరగదీసి నునుపు చేయొచ్చుగానీ, అరిగింది మళ్ళీ రాదు. ఆయన తన గదిలో కూర్చుని కాస్త అరగదీసి, రాసి చూసుకుని, మళ్ళీ కాస్త అరగదీసి, ఆ పాళీని వెన్నలో వేలు పెట్టినట్టు నడిచేలా చేశాడు. అంత బాగా రాసే పెన్ను ఆయన చేతిలోంచి అంతకుముందు వెళ్ళలేదు.

"వదినా, చెయ్యి చాపు," అన్నాడు మేడెక్కి.

వదిన ఎడమచేత్తో అందుకుంది. మణికట్టు వంచి, కాగితం ఏటవాలుగా పెట్టుకుని ఒక అక్షరం మొదలెట్టింది. గుండ్రం సగం తిరిగింది. తలకట్టు దగ్గర పాళీ ఎదురెక్కాలి. అక్కడ కాగితాన్ని గీరుకుని, ఆగి, ఒక్కసారిగా సిరా కక్కేసింది. మళ్ళీ రాసింది. మళ్ళీ గీరింది. మూడోసారి కాగితం చిరిగింది.

వదిన జాగ్రత్తగా మూత పెట్టి పెన్ను తిరిగి ఇచ్చింది. "మంచి పెన్నేనోయ్. నీకు మంచిది. ఇంక నా కోసం ఏవీ కొనకు."

తిట్టినా బావుండేది.

కిందికొచ్చి అన్నం కలుపుకుంటూ పళ్ళాయన గొణిగాడు. "నా చేతిలో ఎంత బాగా రాసిందనుకున్నావ్! పాళీలో లోపం లేదు. వదిన చెయ్యే…"

భార్య గరిటె పట్టుకునే ఆగింది. "ఒకటడగనా? ఇన్నేళ్ళుగా ఎవరి పళ్ళ సెట్టయినా ముందు మీ నోట్లో పెట్టుకుని చూసుకుని పంపారా?"

"ఛీ! అవేం మాటలు?"

"మరి అక్క పెన్ను మీ చేత్తో రాసి చూసుకోవడమేమిటండీ?"

సెట్టు సరిపోలేదని తిరిగొచ్చినప్పుడల్లా, "పన్ను నోటి మాట వినాలి, మన మాట కాదు" అని కొత్తగా చేరిన పనివాళ్ళకు పాఠం చెప్పే మనిషి ఆయన. పాళీ దగ్గరికి వచ్చేసరికి తన చేతివాటాన్నే కొలబద్ద చేసుకున్నాడు. తను కుడిచేత్తో పాళీని లాగుతూ రాస్తాడు, వదిన ఎడమచేత్తో నెడుతూ రాస్తుంది. ఇదీ మెలిక. పైగా ఉన్న గింజలో చాలా భాగం తన చేతికోసమే అరగదీసేశాడు. మిగిలింది ఒక్క ప్రయత్నానికి సరిపోతే గొప్ప.

మర్నాడు పొద్దున్నే కంటికి తొడుక్కునే భూతద్దం, అరగదీసే పలకలు, పనిచోట వాడే నీలికాగితాల కట్ట పట్టుకుని మేడెక్కాడు. పళ్ళు కట్టించుకున్నవాళ్ళను డాక్టర్లు కొరకమనే కాగితాలవి. ఎక్కడ పన్ను ఎత్తుగా తగులుతోందో అక్కడే నీలిరంగు అంటుతుంది.

"మళ్ళీ వచ్చావా? అదేమిటి?"

"కొరికే కాగితం."

"నా పళ్ళు బాగానే ఉన్నాయి."

"నీకు కాదు, పెన్నుకి. సిరా తీసేశాను. ఈ కాగితం మీద ఊరికే రాయి వదినా. రాదు, పరవాలేదు."

"రాయని పెన్నుతో, రాయలేని చేత్తో, రాయక్కర్లేని రాతా? మీ వంశంలో ఒక్కరైనా తిన్నగా ఆలోచిస్తారేమో అని చూస్తున్నాను ఇన్నేళ్ళుగా."

అంటూనే రాసింది. ఆయన పాళీని భూతద్దం కింద పెట్టి చూశాడు. గింజ మధ్యలో రంగు లేదు. ఎడమ అంచున, తను ఎప్పుడూ తాకని చోట, నీలపు చుక్క.

ఆ చుక్క మీదే, ఊపిరి బిగబట్టి, పలక మీద ఒక్కసారి ఆడించాడు. మళ్ళీ ఇచ్చాడు. మళ్ళీ నీలం, ఈసారి కొంచెం వెడల్పుగా. ఇంకొంచెం. వదిన విసుక్కుంది, ఆవలించింది, అన్నగారి చిన్నప్పటి అబద్ధం ఒకటి బయటపెట్టింది. చెయ్యి అలసి పాళీ ఇంకాస్త పక్కకు ఒరిగినప్పుడు ఆపబోయింది.

"ఆపకు. అలసిన చెయ్యి కూడా నీదేగా. దానికీ సరిపోవాలి."

ఆ మాటకు వదిన ఆయన ముఖంలోకి చూసి, ఇంకో వరస రాసింది.

చివరికి పళ్ళాయన పలకలు పక్కన పెట్టేశాడు. ఇక అరగదీయడానికి ఏమీ లేదు. సిరా నింపి, మూత తీసి అందించాడు. తన చేత్తో రాసి చూడాలని వేళ్ళు ఒకటే పీకాయి. చూడలేదు.

వదిన గుండ్రం చుట్టింది. తలకట్టు దగ్గరికి వచ్చింది. పాళీ ఎదురెక్కి, చప్పుడు లేకుండా దాటింది. అక్షరం వంకరే, బడిలో చేరిన మొదటివారం పిల్ల రాసినట్టుంది. పక్కన ఇంకోటి రాసింది. తర్వాత ఆవిడ అక్షరాలు రాయలేదు. ఒక గడి గీసి, నింపాదిగా దాన్ని నల్లగా నింపింది.

"ఆ పై అరలో కట్ట ఉంది, దించు," అంది తలెత్తకుండా.

దించాడు.

"ఇంక నువ్వు కూడా దిగు. పక్కన మనిషుంటే నాకు మాటలు తోచవు."

పాత గళ్ళు ఆఖరయ్యేలోపు కొత్త కాగితం పత్రికకు వెళ్ళింది. దానిమీద రెండు మరకలు, ఒక కొట్టివేత ఉన్నాయట. సంపాదకుడు కంప్యూటరు ఊసెత్తకుండా వచ్చేవారానిది ఎప్పుడు పంపుతారని అడిగాడట.

అది అచ్చయిన రోజు పళ్ళాయన భార్య పత్రిక ముందేసుకు కూర్చుంది.

"నిలువు ఏడు. 'ఎవరి చేతిలో ఉంటే వారి మాటే వినాలి. రెండక్షరాలు.' మొగుడు అని రాద్దామంటే మూడవుతున్నాయి. ఏమిటండీ?"

పళ్ళాయన ఫోనులోంచి తలెత్తలేదు. వేలంపాటలో ఎవరిదో నల్ల పెన్ను, "పరీక్షించి చూడలేదు" అట. "మేడెక్కి ఆవిడనే అడుగు."

"అడిగానండీ. 'మీ ఆయన్ని అడుగు, ఒకసారి తప్పుచేసి దిద్దుకున్నాడు, ఇంక మర్చిపోడు' అంది."

పళ్ళాయన ఫోను బోర్లించి, మేడ దాకా వినిపించేలా నవ్వాడు. పళ్ళన్నీ సొంతవేగా మరి.